ఆ మచ్చ ఎక్కడుంది?

దీపావళి టపాసులకు బెదిరి మా వీధి చివరింటివాళ్ళ టామీ పారిపోయింది. దాని ఫోటో వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. ఎక్కడ, ఎప్పుడు తప్పిపోయిందో మాత్రం అందులో లేదు. మూడోరోజు సంగం బ్యారేజీ దగ్గర దొరికింది. పట్టుకున్నవాళ్ళూ ఫోటో పెట్టారట, వేరే గ్రూపులో!

అందుకే అంటున్నా. 1992లో అమల గారు హైదరాబాద్‌లో మొదలుపెట్టిన బ్లూక్రాస్ లాంటి సంస్థలు ప్రతి జిల్లాకూ ఒక పేజీ నడపాలి. తప్పిపోయినవీ దొరికినవీ అక్కడే, ఊరు, తేదీతో సహా ఉండాలి. ఒక్క గుర్తు మాత్రం బయటపెట్టకూడదు. "మాదే"నని వచ్చినవాళ్ళు మచ్చ ఎక్కడుందో చెప్పాకే అప్పగించాలి. ఇల్లు చేరిందా, ఆ మాట మనమూ రాయాలి. వెతికేవాళ్ళు ఇంకా వెతుకుతుంటారు కదా!