క్యారమ్స్ ఆటలో కాయల వరుస

గోదావరికి వరద వచ్చి, వానలచే ఆటస్థలములు బురదయైన దినములలో మన కోనసీమ గ్రామములందు బాలబాలికలు అరుగులమీద క్యారం బోర్డు చుట్టును జేరుదురు. అది పనిలేనివారి కాలక్షేపమని పెద్దలు కొందఱు గసరుచుందురు. దోషము ఆటయందు లేదు; ఆడు తీరునందే మంచిచెడ్డలు గలవని మా అభిప్రాయము.

తెల్లకాయలు 9, నల్లకాయలు 9, ఎఱ్ఱని రాణి యొకటి యని చదువరు లెఱిగినదే. ఇట్టి చిన్న యాటయందే మూడు విధములైన ఆటగాండ్రు కానవచ్చుచున్నారు.

మొదటివాడు బలమును నమ్మినవాడు. మెల్లగా త్రోసిన చాలు కాయను పెళ్ళున గొట్టును. నియమముల ప్రకారము గుంట వ్యాసము 4.45 సెంటీమీటరులు, కాయ వ్యాసము 3.18 సెంటీమీటరులకు మించదు. ఈ కొద్దిపాటి సందులో వేగముగా వచ్చిన కాయ అంచునకు దగిలి వెనుదిరుగుట సహజము. గోటితో బోవుదానికి గొడ్డలి యేల?

రెండవవాడు సులభమైన కాయలనే యేఱుకొనును. గుంటవాకిట నిలిచిన నాలుగైదు కాయలను వరుసగా వేసి చూపరుల మెప్పు బడయును. పిదప చూడగా మిగిలినవన్నియు చట్టము నంటుకొన్నవియో, ఎదిరి కాయల చాటున నున్నవియో యగును. అప్పుడు వాని చేయి యాడదు.

మూడవవాడు స్ట్రయికరును ముట్టకముందే బోర్డంతయు గలయజూచును. ఏ కాయ చిక్కులో నున్నది? రాణి నెప్పుడు వేయవలెను? దానివెంట వెంటనే వేయదగిన కాయ యేది? ఇవి తేల్చుకొని చిక్కుకాయను ముందుగా గదల్చును. గుంటవాకిట నున్న తన కాయను తొందరపడి వేయడు. అది యెదిరికి దారి నడ్డగించు కావలి యని యెఱుగును. ఎదిరి దానిని తొలగింపవచ్చును, నిజమే. కాని దానికై యొక వంతు వెచ్చింపవలసియుండును. మా మన్ననకు పాత్రుడు వీడే.

అమెరికాలోని స్ట్రెయిట్ పూల్ ఆటలో ఈ సంగతి మఱింత స్పష్టము. క్యారమ్సులో స్ట్రయికరును ప్రతిసారియు గీతమీదికి దెచ్చుకొందుము. అచ్చట తెల్లబంతి యాగినచోటినుండియే కొట్టవలెను. 15 బంతులలో 14 వేసి, మిగిలిన యొక్కదానితో మరల పేర్చిన గుంపును చెదరగొట్టవలెను. కావున చివర నిలుపవలసిన బంతిని ముందే యెంచుకొనవలెను. విల్లీ మోస్కోని తెల్లబంతిని దూరము పోనీయక చకచక యాడుచు, 1954లో ఒహాయో రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డునందు ఎడతెగక 526 బంతులు వేసెను. ఇర్వింగ్ క్రేన్ నిదానస్థుడు, 1966 యు. ఎస్. ఓపెన్ తుదియాటలో ఒక్క వరుసలో 150 వేసి గెలిచెను. ఒకరిది వడి, ఒకరిది నెమ్మది. కాని వరుస నెంచుటలో నిరువురును జాగరూకులే.

పరీక్షలో సులభమైన ప్రశ్నలనే ముందు వ్రాయుడని ఉపాధ్యాయులు చెప్పుదురు గదా యని విద్యార్థులు అడుగవచ్చును. అది సరియే. మూడు గంటలలో ముగియు పనికి ఆ వరుసయే తగును. కాని సంవత్సరపు చదువున కది తగదు. జూన్ మాసములో కఠినమైన గణితమును విడిచి, నోటికి వచ్చిన పాఠమునే తిరిగి తిరిగి చదివినవాడు మార్చిలో రెండవ యాటగానివలె చేతులు ముడుచుకొని కూర్చుండును.

తల్లిదండ్రులకును ఒక మనవి. ఈ యాట నలుసైనది కాదు. చెన్నపట్టణపు మరియా ఇరుదయము 1991, 1995 సంవత్సరములలో ప్రపంచ విజేతయై 1996లో అర్జున పురస్కారము బడసెను. మన హైదరాబాదు వనిత ఎస్. అపూర్వ 2016లో బర్మింగ్‌హామ్ నగరమున ప్రపంచ విజేత యయ్యెను. కావున బాలికలను బోర్డు దగ్గఱనుండి లేపి పంపుట న్యాయము కాదు. చదువువేళ తప్పించి ఒక గంట ఆడనిండు. ఆడునపుడు, “ఎన్ని వేసితివి?” అని గాక, “ఏది ముందు వేసితివి? ఏల?” అని యడుగుడు. ఆ ప్రశ్నకు నిదానించి బదులు చెప్పనేర్చిన పిల్లకు ఆ గంట వ్యర్థము కాలేదని నిశ్చయముగా నమ్మవచ్చును.