ఇది కొన్నవాళ్లు అదీ కొన్నారు!

పదిహేనేళ్ల నాటి మిక్సీ. మోటారు గట్టిగానే ఉంది, జారు కింద కప్లరే అరిగిపోయింది. షాపుకెళితే 'ఆ మోడల్ ఎప్పుడో ఆగిపోయిందండీ, కొత్తది తీసుకోండి' అంటాడు. అదే ఇంటర్నెట్‌లో ఆ మిక్సీ జారు కోసం వెతికితే చాలు, తెర అడుగున కప్లరు కూడా ప్రత్యక్షం! మనసులో మాట వాళ్లకెలా తెలిసిందంటారా?

గుట్టేం లేదు. అమెజాన్ ఇంజినీర్లు గ్రెగ్ లిండెన్, బ్రెంట్ స్మిత్, జెరెమీ యార్క్ 2003లోనే ఓ వ్యాసంలో రాసేశారు. అచ్చం మీలా కొనే మనిషిని కోట్లమందిలో గాలించడం కష్టం. అందుకని మనుషుల్ని వదిలేసి వస్తువుల్ని జతకట్టారు. ఈ జారు కొన్నవాళ్లు ఇంకేం కొన్నారన్న లెక్క ముందే సిద్ధంగా ఉంటుంది. సెల్‌ఫోన్ కవరులాంటివి ఎవరి బుట్టలోనైనా ఉంటాయి. వాటి బరువు తగ్గించకపోతే మిక్సీ పక్కనా అవే వచ్చి కూర్చుంటాయి. కందిపప్పు, చింతపండు కట్టి 'ఇంగువ ఉందా అమ్మా ఇంట్లో?' అని కిరాణా కొట్టాయన అడగడం లేదూ? ఇదీ అంతే, కాకపోతే కోట్ల బుట్టలు.

మరి కప్లరు చేసేవాళ్ల సంగతేంటి? హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచీ కేంద్ర టూల్ డిజైన్ సంస్థ (సీఐటీడీ) ఉంది. ఆ ప్రాంతం నిండా అచ్చులు, డైలు, లేత్ పనులు చేసే చిన్న షెడ్లే. పాత మిక్సీ కప్లరుకి అచ్చు తీయడం వాళ్లకో లెక్క కాదు. కొనేవాళ్లు ఊరికి ఇద్దరే ఉన్నా, దేశమంతా కలిస్తే తక్కువేం కాదు. అదే నగరంలో, నానక్‌రామ్‌గూడలో, అమెజాన్ 2019 ఆగస్టులో తన అతిపెద్ద భవనాన్ని తెరిచింది. సరుకూ ఇక్కడే, సిఫార్సు చేసే కంపెనీ ఆఫీసూ ఇక్కడే.

చిక్కల్లా మొదటి అమ్మకం దగ్గరే. ఎవరూ కొనని వస్తువుకి జత ఉండదు, జత లేనిదాన్ని చూపించరు, చూపించనిదాన్ని ఎవరు కొంటారు? దీన్నే 'కోల్డ్ స్టార్ట్' అంటారు, చలికాలం పొద్దున్న కిక్కు కొట్టినా కదలని స్కూటర్‌లాగ. అప్పుడు కంప్యూటర్‌కి దిక్కు వివరాలే. 'మిక్సీ కప్లర్' అని ఊరుకుంటే లాభం లేదు. ఏ కంపెనీ, ఏ మోడల్ నంబరు, ఎన్ని పళ్లు, రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లు... అన్నీ రాసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. కొన్నవాళ్లు 'ఫలానా మోడల్‌కి సరిపోయింది' అని ఒక్క ముక్క రాస్తే అదే పదివేలు.

'స్పాన్సర్డ్' అని చిన్న అక్షరాల్లో కనిపిస్తే మాత్రం అది డబ్బు కట్టి తెచ్చుకున్న చోటు. షెడ్డు యజమానికి అదీ ఓ దారే. కానీ కప్లరు మీద మిగిలేదే పాతిక రూపాయలైతే, ప్రకటనకి ఎంతని పెడతాడు?