పాలు పోసేది రైతు.. పరుపు అమ్మేది ఎవరు?

పట్నంలో పరుపుల దుకాణాల ముందు 'నూటికి నూరుపాళ్లూ నేచురల్ లేటెక్స్' అనే బోర్డులు మీరు చూసే ఉంటారు. లోపలికెళ్లి ధర అడిగితే పాతిక వేలు, ముప్పై వేలు, ఆపైన ఇంకా ఎంతైనా చెబుతారు. బూరుగు దూది పరుపు మీద, నులక మంచం మీద నిద్రపోయేవాళ్లం, ఈ గొడవ మనకెందుకు అంటారా? కొనడానికి కాదు లెండి. ఆ పరుపు వెనకాల మనలాంటి సన్నకారు రైతే ఉన్నాడు. అతను కేరళలో ఉండొచ్చు, థాయిలాండ్‌లో ఉండొచ్చు, ఇండొనేషియాలో ఉండొచ్చు. అతనికి దక్కేదెంత, దక్కనిదెంత అని లెక్క చూసుకుంటే మన కొబ్బరికీ, రేపు మనల్ని రబ్బరు వేయమని వచ్చేవాళ్ల మాటలకీ పనికొస్తుంది.

చెట్టు పాలే పరుపు

లేటెక్స్ అంటే మరేం కాదు, రబ్బరు చెట్టు పాలు. తెల్లవారకముందే బెరడు మీద ఏటవాలుగా సన్నని గీత గీస్తారు. మన కల్లుగీత లాంటి నేర్పు పనే అది. కారిన పాలు కింద కట్టిన చిప్పలో పడతాయి. కేరళలో ఇందుకు కొబ్బరి చిప్పలే వాడేవారు. ఆ పాలలో రబ్బరు మూడో వంతు ఉంటుంది, తక్కింది చాలావరకు నీరే. పాలకేంద్రంలో వెన్న శాతం చూసి డబ్బు కట్టినట్టే ఇక్కడ రబ్బరు శాతం చూసి కడతారు. లాక్టోమీటరు లాంటి సాధనమే వాళ్లకూ ఉంది, దాన్ని మెట్రోలాక్ అంటారు.

ఆ పాలను మీగడ తీసే యంత్రం లాంటి దాంట్లో గిరగిర తిప్పి 60 శాతం చిక్కదనానికి తెస్తారు. పరుపుల ఫ్యాక్టరీకి కావలసింది ఇదే. అక్కడ సబ్బు కలిపి నురగ వచ్చేలా చిలుకుతారు, అచ్చుల్లో పోస్తారు, ఆవిరితో ఉడికిస్తారు, కడిగి ఆరబెడతారు. 1929లో ఇంగ్లండ్‌లో డన్‌లప్ కంపెనీ వాళ్లు కనిపెట్టిన పద్ధతి ఇది. ఇప్పటికీ ఎక్కువ ఫ్యాక్టరీల్లో నడుస్తున్నది అదే.

ఇక్కడే రైతుకు మొదటి చిక్కు. చెట్టు నుంచి దిగిన పాలు కొద్ది గంటల్లో గడ్డకడతాయి. అమ్మోనియా కలిపితే నిలుస్తాయి గాని, ఆ తర్వాత వాటిని చిక్కబరిచే ఫ్యాక్టరీ దగ్గర్లో ఉండాలి. లేకపోతే రైతు ఆ పాలలో ఆమ్లం పోసి, గడ్డకట్టించి, రేకుల్లా వత్తి, ఎండబెట్టి, పొగబెట్టి అమ్ముకోవాల్సిందే. రేకు నిలవ ఉంటుంది, పాలు ఉండవు. నిలవ ఉండని సరుకు చేతిలో ఉన్నవాడు బేరం ఎలా ఆడగలడు? టమాటా రైతునడిగితే చెబుతాడు.

ఒక పరుపు లెక్క

అయిదడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు, ఆరంగుళాల మందం ఉన్న అసలైన లేటెక్స్ పరుపు ముప్పై కిలోల పైనే తూగుతుంది. అందులో రబ్బరు 30 కిలోలు అనుకోండి. అంటే సుమారు 90 లీటర్ల చెట్టు పాలు. మనదేశంలో ఎకరం రబ్బరు తోట ఏడాదికి సగటున 550 నుంచి 600 కిలోల రబ్బరు ఇస్తుంది. ఈ లెక్కన ఎకరం తోట ఏడాదంతా ఇచ్చే పాలతో ఇరవై పరుపులు కూడా పూర్తిగా రావు.

కిలో 180 రూపాయల చొప్పున వేసుకుంటే పరుపుకు రైతు చేతికొచ్చేది 5,400. దుకాణంలో అదే పరుపును 30 వేలకు అమ్మారనుకుందాం. మన రైతు వాటా ఆరో వంతు కంటే కాస్త ఎక్కువ. ఎకరానికి చూస్తే అతనికి లక్ష, పరుపుల మీద తిరిగే డబ్బు దాదాపు ఆరు లక్షలు. ఆ లక్షలోనే గీత కూలి, ఎరువులు, వానాకాలంలో గీతకు కట్టే ప్లాస్టిక్ గొడుగులు, అన్నీ పోవాలి.

మిగతా అయిదు లక్షలూ ఎవరో కొట్టేశారని నేననను. ఆవిరికి ఖర్చుంది, అచ్చులకు ఖర్చుంది, గుడ్డకు, రవాణాకు, పన్నులకు, దుకాణం అద్దెకు ఖర్చుంది. కానీ ఆ మెట్లలో ఒక్కదాని మీదా రైతు కాలు లేదు. అదీ అసలు సంగతి.

ధర చెప్పేది పరుపు కాదు

పరుపులకు గిరాకీ పెరిగితే రబ్బరు ధర పెరుగుతుందనుకోవద్దు. మనదేశంలో వాడే సహజ రబ్బరులో మూడింట రెండొంతుల దాకా టైర్లకే పోతుంది. ముడిచమురు ధర పడిపోతే దాంతో చేసే కృత్రిమ రబ్బరు చవకవుతుంది, దాని వెంట మన రబ్బరూ దిగుతుంది. చైనాలో కార్ల అమ్మకాలు మందగిస్తే కొట్టాయంలో ధర తగ్గుతుంది. పాల విషయానికొస్తే పరుపుల కంటే చేతి తొడుగుల బలం ఎక్కువ. కరోనా కాలంలో, 2020-21లో, తొడుగులకు కరువొచ్చి పాలకు గిరాకీ వచ్చింది. ఆ గిరాకీ తగ్గాక ఆ మంచిరోజులూ పోయాయి.

2011 ఏప్రిల్‌లో కొట్టాయం మార్కెట్లో కిలో రేకు రబ్బరు 240 రూపాయలు దాటింది. ఆ ధర చూసి ఎందరో మొక్కలు నాటారు. రబ్బరు చెట్టు గీతకు రావాలంటే ఏడేళ్లు ఆగాలి. 2016 మొదట్లో ధర వందకు దిగువన పడింది. 2011లో నాటినవాడు 2018లో కత్తి పట్టేసరికి ధర నాటిననాటి దాంట్లో సగానికి కాస్త అటూ ఇటూ ఉంది. గీత కూలి కూడా రాదని తోటల్ని అలాగే వదిలేసినవాళ్లున్నారు. మళ్లీ 2024 ఆగస్టులో ధర పాత రికార్డును దాటింది. కొద్ది నెలలకే 200 దిగువకు వచ్చేసింది.

ఇంకొక సంగతి వినండి. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలో సహజ రబ్బరును వ్యవసాయ ఉత్పత్తి కింద లెక్కగట్టలేదు, పరిశ్రమల ముడిసరుకు కింద పెట్టారు. పండించేది రైతు, కాగితం మీద మాత్రం అది పంట కాదు! వరికి, పత్తికి ఉన్నట్టు దీనికి కేంద్రం మద్దతు ధర లేదు. కేరళ ప్రభుత్వం 2015లో కిలోకు 150 రూపాయలు ఆధార ధరగా పెట్టుకుని, తక్కువ పడింది చెల్లించే పథకం మొదలుపెట్టింది. తర్వాత ఆ ధరను పెంచుతూ వచ్చింది. మన రాష్ట్రంలో రబ్బరు వేసేవాడికి ఆ ఊరట కూడా ఉండదు.

ఫ్యాక్టరీ కదులుతుంది.. చెట్టు కదలదు

పరుపుల్ని ఎక్కువగా కొనే దేశం అమెరికా. చైనా పరుపులు మరీ చవగ్గా వచ్చి పడుతున్నాయని 2019లో వాటిపై భారీ సుంకం వేసింది. ఫ్యాక్టరీలు వియత్నాం, థాయిలాండ్, మలేషియా వైపు మళ్లాయి. 2021లో ఆ దేశాల పరుపుల మీదా, ఇండొనేషియా, కంబోడియా వంటి మరికొన్నిటి మీదా సుంకం పడింది. 2024లో మనదేశాన్ని కూడా ఆ జాబితాలో చేర్చారు. ఒక్క లేటెక్స్ అనే కాదు, స్ప్రింగువీ ఫోమువీ అన్నీ ఇందులోకి వస్తాయి.

ఇలా సుంకం పడ్డప్పుడల్లా ఫ్యాక్టరీ యజమాని యంత్రాలు సర్దుకుని సరిహద్దు దాటతాడు. మరి చెట్టు పెట్టుకున్న రైతు? పాతికేళ్లు కాసే చెట్టును నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోగలడు? ప్రపంచంలో సహజ రబ్బరు అందరికంటే ఎక్కువ పండించేది థాయిలాండ్. అక్కడ పండించేవాళ్లలో అత్యధికులు చిన్న రైతులే. చైనా నుంచి వచ్చే యాత్రికులు అక్కడ లేటెక్స్ దిండ్లు, పరుపులు కొని మోసుకుపోతారు. దిండు ధర అంత ఉన్నా, రబ్బరు ధర పడినప్పుడల్లా అక్కడి రైతులు ప్రభుత్వాన్ని ఆదుకోమని అడగవలసే వస్తోంది.

దీనికి తోడు యూరప్ దేశాలు 2023లో ఒక చట్టం చేశాయి. సహజ రబ్బరు, దాంతో చేసిన కొన్ని సరుకులు అడవి కొట్టి వేసిన తోటలోవి కావని రుజువు చూపాలి. ఏ చెక్కలో పండిందో ఆ చెక్క గుర్తులు ఇవ్వాలి. అమలు వాయిదా పడుతూ వచ్చింది గాని చట్టం పోలేదు. అడవిని కాపాడటం మంచిదే. కానీ ఆ కాగితాలు సమకూర్చుకోవడం పెద్ద తోటవాడికి ఒక గుమస్తా పని, ఎకరం రైతుకు తలకు మించిన పని.

రబ్బరు వేయమంటే ఏం అడగాలి?

మన రంపచోడవరం, మారేడుమిల్లి ఏజెన్సీలో రబ్బరు మొక్కలు వేసి చూశారు. చెట్టు పెరగదని కాదు. త్రిపురలో చిన్న రైతులు, గిరిజనులు రబ్బరు పండించి ఆ రాష్ట్రాన్ని దేశంలో కేరళ తర్వాతి స్థానానికి తెచ్చారు. అయితే అక్కడ నాటడం ఒక్కటే జరగలేదు. గీత నేర్పారు, సంఘాలు కట్టారు, కొనే ఏర్పాటు చేశారు.

కాబట్టి మీ దగ్గరికెవరైనా వచ్చి 'లేటెక్స్‌కు విదేశాల్లో గిరాకీ' అంటే నాలుగు ప్రశ్నలు అడగండి. ఏడేళ్ల దాకా ఇల్లు గడిచేదెలా, అంతరపంట ఏమిటి? గీత గీసేదెవరు, నేర్పేదెవరు? పాలు కొనే కేంద్రం ఎన్ని మైళ్ల దూరంలో ఉంది? ధర పడితే అడ్డం పడేదెవరు? నాలుగింటికీ జవాబు లేకపోతే మొక్కలు ఉచితంగా ఇచ్చినా పుచ్చుకోవద్దు.

మన డొక్క మాటేమిటి?

నిజానికి పరుపుల వ్యాపారంలో గోదావరి జిల్లాల వాటా ఇప్పటికే ఒకటుంది. అది కొబ్బరి డొక్క. డొక్క నుంచి తీసిన పీచును తాడులా మెలిపెట్టి, కొన్నాళ్లు ఉంచి, విప్పితే దానికి స్ప్రింగులా వంకులు పడతాయి. ఆ పీచు మీద రబ్బరు పాలు చల్లి, వేడిమీద అదిమితే రబ్బరు పీచు పరుపు తయారవుతుంది. మనదేశంలో మధ్యతరగతి ఇళ్లలో దశాబ్దాలుగా వాడుతున్నది ఇదే. మన పీచు, కేరళ రైతు పాలు కలిసి పరుపవుతున్నాయన్నమాట! పీచు చైనాకు కూడా ఎగుమతవుతోంది. అక్కడా అది పరుపుల్లోకే ఎక్కువగా పోతుంది.

మరి మనం ఏం చేస్తున్నాం? దింపు అయ్యాక కాయల్ని వెయ్యికింత అని వ్యాపారికి అప్పగిస్తున్నాం. వలుపు అతనిదే, డొక్క అతనిదే. వెయ్యి డొక్కలకు 80 కిలోల దాకా పీచు, దానికి రెట్టింపు బరువున పొట్టు వస్తాయి. పొట్టుకు నర్సరీల్లో గిరాకీ ఉంది. ఇవేవీ మన బేరంలో లెక్కకు రావడం లేదు. కాయకు ధర లేనప్పుడైనా డొక్క కొంత ఆదుకునేది కదా!

పది మందీ కలిసి పరుపుల ఫ్యాక్టరీ పెట్టేయండని చెబితే అది కోతలు కోయడమే అవుతుంది. అంత పెట్టుబడి మన వల్ల కాదు. ఒక్కో మెట్టే ఎక్కాలి. మొదటి మెట్టు, డొక్కకు విడిగా ధర అడగడం. రెండోది, ఊరి రైతులంతా డొక్కను ఒకచోట చేర్చి పీచు మిల్లుతో సంఘం పేరున బేరం చేయడం. మూడోది, కాస్త నిలదొక్కుకున్నాక పీచు మెలితిప్పే పని ఊళ్లోనే పెట్టుకోవడం. పొట్టు లేకుండా, తడి లేకుండా ఉన్న పీచుకే మంచి ధర. రాజమహేంద్రవరంలో కాయర్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఉంది. శిక్షణ గురించి, రుణాల గురించి నలుగురు కలిసి వెళ్లి అడగండి. ఒక్కరే వెళితే 'రేపు రా' అంటారు, నలుగురు వెళితే కూర్చోబెడతారు.

అయితే ఒక జాగ్రత్త. ఒక్క దేశం కొనుగోలు మీద, ఒక్క వ్యాపారి మీద ఆధారపడితే రబ్బరు రైతుకు జరిగిందే మనకూ జరుగుతుంది. పీచుకు ఇద్దరు ముగ్గురు కొనుగోలుదార్లను చూసుకోండి.

కేరళలో 1980ల నుంచి రబ్బరు బోర్డు చొరవతో చిన్న రైతులు ఊరూరా ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టుకున్నారు. పాలు ఒకచోట పోసి, రేకులు ఒకచోట తీసి, కలిసి అమ్మారు. సంఘం ఉన్నంత మాత్రాన ప్రపంచ ధర పెరగలేదు, నిజమే. కానీ తూకంలో, రబ్బరు శాతంలో, నాణ్యతలో జరిగే మోసం తగ్గింది. అది చిన్న లాభం కాదు.

పాలు పోసి చేతులు కడుక్కుంటే పరుపు పరులదే. కనీసం ఇంకొక్క మెట్టు ఎక్కి అమ్మండి. ఈ దింపుకే వ్యాపారితో అనండి: 'కాయ ధర వేరు, డొక్క ధర వేరు.' కాదంటే పక్క తోట రైతును కూడా పిలిచి, ఇద్దరూ కలిసి అదే మాట అనండి.