గృహవిజ్ఞానము: డిస్కున కెంత పట్టును?



ఇంటిలో పోయిన వస్తువులలో పెక్కింటిని మరల సంపాదించుకొనవచ్చును. వెండిగిన్నె పోయిన వేరొకటి చేయింతుము. పట్టుచీర చిరిగిన వేరొకటి కొందుము. కాని ఇరువదియేండ్ల క్రిందటి పెండ్లిలో తలంబ్రాలు పోయుచు నవ్విన కూతురి ముఖమును, అప్పటికి బ్రదికియుండి మంగళహారతి పాడిన నాయనమ్మ కంఠమును ఒకసారి పోయినచో నే యంగడిలోను దొరకవు. ఇట్టి చిత్రములు నేడు మన యిండ్లలో కొన్ని పాత క్యాసెట్టులలోను, కొన్ని కంప్యూటరులోను, కొన్ని సెల్‌ఫోనులలోను చెదరియున్నవి. వీనిని డీవీడీల కెక్కించి దాచుకొనవలెనని పలువురి కోరిక. అట్లు చేయించినవారు, “నాలుగుగంటల చిత్రము నొక్క డిస్కున పట్టించితిమి గాని బొమ్మ యంతయు గళ్లుగళ్లుగా నలికినట్లున్నది, డిస్కు మంచిది కాదా?” అని మమ్ము తరచుగా నడుగుచున్నారు. ఈ మాసమున దానికి సమాధానము వ్రాయుచున్నాము.

ముందుగా చెప్పవలసినదేమన, దోషము సాధారణముగా డిస్కుది కాదు. డిస్కు కుంచమువంటిది. కుంచమున కుంచెడే పట్టును. అందు పోసిన బియ్యము సన్నబియ్యమో నూకలో అది కుంచము నిర్ణయింపదు. కంప్యూటరు చిత్రమును అంకెలుగా వ్రాయును. డిస్కు ఆ అంకెల నున్నవి యున్నట్లు దాచి మరల నిచ్చును. చిత్రము చెడునది డిస్కునం దెక్కినపుడు కాదు, దానిలో పట్టుటకై అంతకుముందు కుదించినపుడు. కావున ఎంత కుదింపవచ్చును, ఎచ్చట ఆపవలయును అను లెక్క తెలిసినయెడల బొమ్మ చెడదు.

ఇక కొలతలు. సాధారణపు డీవీడీలో 4.7 గిగాబైట్లు పట్టును. రెండుపొరల డీవీడీలో 8.5, బ్లూరే డిస్కులో 25, రెండుపొరల బ్లూరేలో 50 గిగాబైట్లు పట్టును. డీవీడీ డబ్బాపై 4.7 అని యుండగా కంప్యూటరులో 4.37 అని కనబడుట చూచి మోసపోయితి మనుకొనువారు కలరు. అది మోసము కాదు. డిస్కు చేయువారు వేయేసి చొప్పున లెక్కింతురు. కంప్యూటరు 1,024 చొప్పున లెక్కించును. సరకు ఒక్కటే, తూనికరాళ్లు వేరు.

కుదింపనిచో నేమగునో చూడుడు. మన దేశపు టెలివిజను పద్ధతిలో డీవీడీ బొమ్మకు అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలు. క్షణమునకు 25 బొమ్మలు. వీనిని కుదింపక వ్రాసినచో ఒక్క క్షణమునకే పండ్రెండుకోట్లకు పైగా అంకెలు కావలయును. అట్లయిన సాధారణపు డీవీడీ అయిదు నిమిషములలో నిండిపోవును; జీలకఱ్ఱ బెల్లము పెట్టుటయైనను ముగియదు. అట్టి డిస్కున రెండుగంటల చిత్రమును పట్టించుచున్నది ఎంపెగ్-2 అను కుదింపుపద్ధతి.

ఈ పద్ధతి రెండు యుక్తులతో పనిచేయును. మొదటిది, మారని దానిని మరల మరల వ్రాయకుండుట. వధూవరులు పీటలపై కూర్చుండి మంత్రములు వినుచున్నంతసేపు వెనుకనున్న పందిరియు అరటిబోదెలును కదలవు. వానిని ఒకసారి వ్రాసి, పిమ్మట కదలిన చేతులను, ముఖములను మాత్రము వ్రాసికొనిన చాలును. రెండవది, ఒక్కొక్క బొమ్మను అడ్డము ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కల చిన్నగళ్లుగా విభజించి, ప్రతి గడిలోను పెద్ద వెలుగునీడలను వేరుగా, సన్నని నగిషీని వేరుగా తీసి, కంటి కంతగా నానని నగిషీని తగ్గించి వ్రాయుట. దీనికి ఆధారమయిన గణితవిధానమును నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు అను మువ్వురు 1974 లో ప్రకటించిరి. అహ్మద్‌గారు బెంగుళూరున జన్మించినవారు. రావుగారు, అనగా కామిశెట్టి రామమోహనరావుగారు, మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు పట్టము పొంది, పిమ్మట అమెరికాలోని టెక్సాసులో చిరకాలము ఆచార్యులుగా నుండిరి. నేడు ప్రపంచమంతట ఫోటోలకును చలనచిత్రములకును వాడు కుదింపులలో పెక్కింటికి వీరి విధానమే మూలము.

చోటు చాలినంత యున్నపుడు ఈ నగిషీ తగ్గుట మనకు తెలియదు. చోటు చాలనపుడు నగిషీనంతయు తుడిచివేయవలసి వచ్చును. అపుడు గడికిని గడికిని నడుమ కుట్టు కనబడును. మన సోదరీమణులు చెప్పు గళ్లు ఇవియే.

అన్ని ఘట్టములకును ఒకే చోటు చాలదు. తలంబ్రాలు పోయునపుడు వేలకొలది గింజలు వేరువేరుగా నెగిరి పడును. ముందటి బొమ్మలో నున్నది వెనుకటి బొమ్మలో నుండదు. హోమపు మంట, పొగ, ఫోటోల మెఱుపులు, చేతిలో వణకు కెమెరా, ఇవియు నంతే. చోటు చాలనిచో ముందుగా చెడునవి యివియే. ఖాళీపందిరి చక్కగా కనబడును. మనము చూడగోరిన తలంబ్రాలు మాత్రము అలికినట్లగును.

దీనికొక విరుగుడు కలదు. చిత్రమును రెండుమారులు నడిపి కుదించు పద్ధతి నెన్నుకొనవలయును. కంప్యూటరులో దీనిని టూ పాస్ వీబీఆర్ అందురు. మొదటిమారు చిత్రమంతయు చూచి ఎచ్చట కదలిక యెక్కువయో గుర్తించును. రెండవమారు దాని ననుసరించి చోటు పంచును. వచ్చినవారి లెక్క చూచుకొని వడ్డించుటకును, గరిటె కెంత వచ్చిన నంత వేసికొనిపోవుటకును గల భేదమే యిచ్చటను కలదు. కాలము దాదాపు రెండింతలు పట్టును. పట్టనిండు.

ఇక అసలు లెక్క. దీనికి పెద్ద గణితము అక్కఱలేదు. 600 ను చిత్రపు నిమిషములచే భాగింపుడు. వచ్చినది సాధారణపు డీవీడీలో క్షణమునకు ఎన్ని మెగాబిట్లు వాడవచ్చునో తెలుపును. అంచున కొంత ఖాళీ విడుచుటకు వలసిన తరుగును ఇందులోనే తీసివేసితిమి. రెండుపొరల డీవీడీకి 600 బదులు 1,080 వేసికొనుడు.

ఈ లెక్క ప్రకారము గంటన్నర చిత్రమునకు 6.7 వచ్చును. రెండుగంటలకు 5, మూడుగంటలకు 3.3, నాలుగుగంటలకు 2.5 మాత్రమే వచ్చును. డీవీడీ చిత్రమునకు నియమము 9.8 కంటె మించనీయదు గనుక గంటలోపు చిత్రమునకు లెక్కయే అక్కఱలేదు. 5 గాని అంతకు మించి గాని వచ్చినయెడల నిశ్చింతగా నుండవచ్చును. 4 ప్రాంతమున రెండుమారుల పద్ధతితో బాగుగనే యుండును. 3 కంటె దిగినచో పూర్తికొలత బొమ్మకు చాలదు. నాలుగుగంటల పెండ్లి ఒక్క డిస్కున ఏల చెడినదో ఇప్పుడు తెలిసియుండును.

ఈ చోటులోనే శబ్దమునకును భాగ మీయవలయును. శబ్దమును కుదింపక పీసీఎమ్ అను రీతిలో నుంచిన 1.5 మెగాబిట్లు పోవును. డాల్బీ డిజిటల్ రీతిలో కుదించిన సాధారణపు రెండుచెవుల శబ్దమునకు 0.2 చాలును, పెండ్లిలోని మాటలకును మంత్రములకును భేదము తెలియదు. మూడుగంటల చిత్రమున మొదటిరీతి నెన్నుకొనినచో బొమ్మకు 1.8 మిగులును, రెండవరీతిలో 3.1 మిగులును. ఈ యొక్క గుర్తు మార్చుటతోనే బొమ్మ చాలవరకు తేరుకొనును.

అప్పటికిని పట్టనిచో నేమి చేయవలయును? మేము చెప్పునది ఈ వరుస:

మొదట, అక్కఱలేని భాగమును తీసివేయుడు. ఖాళీకుర్చీలు, వంటశాల పొగ, ఒకే బంతి భోజనము పావుగంటసేపు, ఇవి లేకున్న లోపము లేదు. కాని తీయుటకు ముందు ఇంటి పెద్దల నడుగుడు. మనకు తెలియని ముఖము వారికి మేనత్తయో పినతాతయో కావచ్చును.

పిమ్మట, రెండు డిస్కులు వాడుడు. ఒకదానిలో స్నాతకము, ఎదురుకోలు. రెండవదానిలో ముహూర్తము మొదలు అప్పగింతలవఱకు. వీడియో సీడీల కాలమున ఒక్కొక్క సీడీలో సుమారు 74 నిమిషములే పట్టుటచే ఒక్క సినిమాకు రెండుమూడు సీడీలు మార్చుచు చూచితిమి. ఒకమారు లేచి డిస్కు మార్చుట కష్టము కాదు.

రెండుపొరల డిస్కు మూడవ యుపాయము. దీనికి వెల యెక్కువ. కొన్ని పాతయంత్రములు దీనిని చదువలేవు. ముందొకటి పరీక్షించి చూడుడు.

నాలుగవది పాత వీహెచ్ఎస్ క్యాసెట్టులకు మాత్రమే తగును. ఆ క్యాసెట్టులో అడ్డముగా నుండు నగిషీ స్వభావముచేతనే తక్కువ. 720 బదులు 352 చుక్కల వెడల్పుతో కుదించినను కంటికి లోటు కనబడదు. ఈ కొలతను డీవీడీ నియమమును అంగీకరించును. లేని నగిషీకి చోటు పెట్టుట వృథా గదా.

ఇచ్చట నొక ముఖ్యవిషయము. సెల్‌ఫోనుతోను, నేటి కెమెరాలతోను తీసిన పూర్తి హెచ్‌డీ చిత్రమున అడ్డము 1,920, నిలువు 1,080 చుక్కలుండును. డీవీడీ బొమ్మలో వానిలో సరిగా అయిదవవంతు మాత్రమే యుండును. కావున ఎంత జాగ్రత్తతో చేసినను అట్టి చిత్రమునకు డీవీడీ చూచుకొనుటకు ప్రతియే గాని దాచుకొనుటకు మూలము కాజాలదు. మూలమును దాచదలచినవారు ఆ ఫైలును మార్పు చేయక, ఉన్నది యున్నట్లు, డేటాడిస్కుగా వ్రాసికొనవలయును. అందు రవంతయు నష్టము లేదు. పెద్దదయినచో బ్లూరేమీదనో హార్డుడిస్కులోనో ఉంచవలయును. పాత డీవీడీయంత్రము దానిని చూపకపోవచ్చును, కంప్యూటరు చూపును.

అట్లే, డిస్కునుండి డిస్కునకు ఉన్నది యున్నట్లు ప్రతి తీసిన నష్టము లేదు. ఒకసారి కుదించిన దానిని మరల కుదించినచో మాత్రము ప్రతిమారును కొంత పోవును. పోయినది మరల రాదు.

మేమెఱిగిన యొక కుటుంబమున నాలుగుగంటల పెండ్లి క్యాసెట్టులను ఒక దుకాణమువారు ఒక్క డిస్కున కెక్కించి యిచ్చిరి. ఇంటివారు మొదటి పదినిమిషములు చూచి సంతసించి, చోటు తినుచున్నవని క్యాసెట్టులను పారవైచిరి. కొంతకాలమునకు తాతగారు గతించిరి. ఆయన అక్షతలు వేయుచున్న ఘట్టమును చూడబోగా ముఖమున్నచోట గళ్లు తప్ప నేమియు లేదు. ఇల్లంతయు వెదకినను వేరు ప్రతి లేదు. ఆ యిల్లాలి దుఃఖమును తీర్చు యుపాయము మాకు తోచలేదు, ఎవరికిని తోచదు. కావున చిత్రమును కడవఱకు చూడక మూలమును విడువరాదు. చూచినపిమ్మటను విడువకుండుటయే మేలు.

దుకాణమున కిచ్చునపుడు నాలుగు ప్రశ్నలు తప్పక వేయుడు: చిత్రము మొత్తము ఎన్ని నిమిషములు? ఎన్ని డిస్కులలో పెట్టుదురు? రెండుమారుల పద్ధతిలో కుదింతురా? కుదింపక మునుపటి ఫైలును మా కిత్తురా? నాలుగవ ప్రశ్నకు కొంత సొమ్ము అధికముగా నడిగినను ఇచ్చుట మంచిది.

ఇంటనే వ్రాసికొనువారు మిక్కిలి వేగము నెన్నుకొనక నడిమి వేగమున వ్రాయుడు; పిదప సరిచూచు గుర్తును పెట్టుడు. డిస్కు నడిమినుండి అంచువైపు వ్రాయబడును. తప్పులు తఱచుగా అంచుననే వచ్చును గనుక చివరిభాగమును ఇంటి యంత్రముమీద తప్పక చూడుడు. డీవీడీలో అంకెలు నిలుచునది ఒక రంగుపూతలో. దానికి ఎండ పడదు. డిస్కుపై కాగితము లంటింపక, మెత్తని కలముతో పేరు, తేదీ వ్రాసి, పెట్టెలో నిలువుగా నుంచుడు. రెండు ప్రతులు తీసి ఒకటి పుట్టింట, ఒకటి అత్తవారింట నుంచిన మఱింత భద్రము.

ఇదంతయు మన యింటి చిత్రములకే చెప్పితిమి. అంగడిలో కొన్న సినిమాలపై హక్కు లితరులవి. వానికి ప్రతులు తీయుట మా యుద్దేశము కాదు.

ఈ పనికి ఆలస్యము తగదు. వీహెచ్ఎస్ యంత్రములను చివరివఱకు చేయుచు వచ్చిన జపానుదేశపు ఫునాయి సంస్థ 2016 లో వాని నాపివేసినది. సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో వ్రాయదగు బ్లూరే డిస్కులను, చిన్న కెమెరాలలో వాడు మినీడీవీ క్యాసెట్టులను చేయుట మానినది. డీవీడీలు ఇంకను దొరకుచున్నవి. పనిచేయు క్యాసెట్టుయంత్రములు మాత్రము నానాటికి అరుదగుచున్నవి. కావున సోదరీమణులు ఈ వారమే బీరువా తెఱచి, ఏ క్యాసెట్టులో నేమున్నదో, ఎన్ని నిమిషములో ఒక పట్టీ వ్రాసికొందురుగాక. పెద్దల కంఠములున్న వానిని ఆ పట్టీలో మొదట వ్రాయవలయును.