పాత కారు ముచ్చట, పసివాని ఊపిరి

అమెరికాలో 1969 నాటి డాడ్జ్ ఛార్జర్ వంటి మజిల్ కారును తండ్రీకొడుకులు ఇంటి గ్యారేజీలోనే బాగుచేసుకోవడం గొప్ప ముచ్చట. కాదనను, రెంచి పట్టిన పిల్లవాడు ఫోను పట్టినవానికంటే మేలే. కాని ఆ పసిచేతికి ఉప్పుకాగితమిచ్చి పాత రంగు గీకించడాన్ని వాత్సల్యమని నేనొప్పుకోను. ఆనాటి రంగుల్లో సీసం, బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు. సీసపు ధూళి ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. పిల్లల రక్తంలో ఇంతవరకు ఫరవాలేదనదగిన మోతాదే లేదు. ఆస్‌బెస్టాస్ పీచు తెచ్చే క్యాన్సర్ దశాబ్దాల తరువాత గాని బయటపడదు. "మా చిన్నతనంలో మేము చేయలేదా?" అనే తండ్రులకు ఆ దశాబ్దాలే నా జవాబు. బ్రేకు డ్రమ్ములోని దుమ్మును గాలిగొట్టంతో ఊదకండి. ఆ బట్టలతో బిడ్డను దగ్గరకు తీయకండి. గీకుడంతా ముగిసి, నేలను తడిగుడ్డతో తుడిచాకే వాణ్ణి లోపలికి పిలవండి. కొత్త బోల్టులు బిగించే పని వానికి మిగల్చండి.