పిల్లిని కొట్టకండి, తొట్టి పెట్టండి
అచ్చంపేటలో కూడా మట్టి వాకిళ్లు తగ్గి సిమెంటు, టైల్సు పెరిగాయి. గోళ్లతో తవ్వి కప్పెట్టుకోవడానికి పిల్లికి చోటు దొరకదు, పరుపు మీదో బియ్యం బస్తా పక్కనో ఉచ్చ పోస్తుంది. దాన్ని పగ అనుకొని కొట్టడం అన్యాయం. భయపడ్డ పిల్లి మరో మూల వెతుక్కుంటుంది, అంతే. వెడల్పాటి తొట్టిలో రెండు మూడు అంగుళాల మందాన మెత్తటి ఇసుక పోసి, తిండి గిన్నెకు దూరంగా, సందడి లేని చోట పెట్టండి. రోజూ శుభ్రం చేయండి. ఎన్ని పిల్లులుంటే అంతకన్నా ఒక తొట్టి ఎక్కువ ఉండాలి. కడగడానికి ఫినాయిల్ మాత్రం వద్దు. అందులోని ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగా వదిలించుకోలేదు, తడిసిన పాదాలు నాకితే అది విషమే. తోకెత్తి నిలబడి గోడ మీద చిమ్మితే అది వేరే సంగతి. అమ్రాబాద్ అడవిలో పెద్దపులి చెట్ల మీద చిమ్మి హద్దు చెప్పుకున్నట్టే ఇదీ. గండుపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలావరకు తగ్గుతుంది. అన్నిటికన్నా నన్ను భయపెట్టేది, మాటిమాటికీ కూర్చున్నా చుక్క రాని మగపిల్లి. మూత్రమార్గం మూసుకుపోతే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. తెల్లారేదాకా చూద్దామనుకోకుండా వెంటనే పశువుల డాక్టరుకు చూపించండి.