మబ్బుల లేచిన పిల్ల

రెండు నెలలుగా ఒక మాట్లాడే మేకతో కుస్తీ పడుతున్నాను. మేక మంచిదే. అమావాస్య రాత్రి తప్ప నోరు విప్పదు, విప్పితే అబద్ధం చెప్పదు. దాన్ని పెబ్బేరు సంతలో కొన్న పన్నెండేళ్ల పిల్ల, తప్పిపోయిన తమ్ముణ్ని వెతుక్కుంటూ దాని వెంట కృష్ణ దాటి పోతుంది. ఇదీ కథ. రాసింది ఇక్కడికి దగ్గరి ఊళ్లో డిగ్రీ చదివే పిల్లోడు. ఎడిట్ చేస్తున్నది నేను.

తెలుగులో పిల్లల పుస్తకాలకు ఎడిటర్ కూడా ఉంటారా అని మీకు అనుమానం రావచ్చు. మా చుట్టాలకి ఇప్పటికీ ఉంది. ఉంటారు, తక్కువమంది. నాకు ఆఫీసు లేదు. హైవే మీద లారీల హారన్లు వినబడే పై గది, ఒక పాత ల్యాప్‌టాప్, ఒక రూళ్ల నోట్‌బుక్. ప్రచురణకర్త హైదరాబాద్‌లో, బొమ్మలేసే అబ్బాయి విశాఖలో, రచయిత ఊళ్లో. నలుగురం కలిసేది వాట్సాప్‌లోనే.

అచ్చుతప్పులు దిద్దడమే నా పని అనుకోకండి. అవీ దిద్దుతాను, తప్పదు. చాలా ప్రెస్సుల్లో ఇంకా అను ఫాంట్లే నడుస్తున్నాయి, మనం ఫోన్లో కొట్టేదేమో యూనికోడ్. ఇటు నుంచి అటు మార్చినప్పుడల్లా ఎక్కడో ఒక వత్తు ఎగిరిపోతుంది. ‘అమ్మ’ కాస్తా ‘అమ’ అయి కూర్చుంటుంది. ఒక్కో పుస్తకానికి వారం రోజులు ఈ వత్తుల వేటకే పోతాయి.

అసలు పని నోట్‌బుక్‌లో ఉంటుంది. ఫాంటసీ కదా, ఏమైనా రాయొచ్చు అనుకుంటారు కొత్తగా రాసేవాళ్లు. మంత్రానికి లెక్క ఉండాలి. మా మేక 18వ పేజీలో అమావాస్య రాత్రి మాట్లాడింది. 24వ పేజీలో ‘నాలుగు రోజుల తర్వాత’ మళ్లీ మాట్లాడింది. ఫోన్ చేశాను.

“తమ్మీ, నాలుగు రోజులకే ఇంకో అమావాస్య ఎట్లొచ్చింది?”

“కథనే కదక్కా!”

“కథ కాబట్టే అడుగుతున్న.”

మేక మాట్లాడుతుందంటే పిల్లలు చప్పున నమ్ముతారు. క్యాలెండర్ తప్పితే మాత్రం పట్టుకుంటారు, ఇక తర్వాత ఏం చెప్పినా నమ్మరు. తమ్మి రెండు రోజులు అలిగి, మూడో రోజు కొత్త అధ్యాయం పంపాడు. నెల రోజులపాటు మేక మాట్లాడదు. పిల్ల దానికి మేత వేస్తూ, తిడుతూ, బతిమాలుతూ అమావాస్య కోసం ఎదురుచూస్తుంది. పుస్తకం మొత్తంలో నాకు నచ్చిన అధ్యాయం అదే.

ఇక అసలు గొడవ. మొదటి అధ్యాయంలో ఒక వాక్యం ఉంది, పిల్ల మబ్బుల లేచి సంతకు బయలుదేరిందని. విశాఖ అబ్బాయి చక్కగా బొమ్మ వేసి పంపాడు. పిల్ల తెల్లటి మేఘాల మధ్య తేలుతోంది, కింద చిన్నగా ఊరు! మా వైపు మబ్బుల అంటే ఇంకా తెల్లారకముందు, చీకటి ఉండగానే అని అర్థం. మా అమ్మలు మబ్బుల లేచే కల్లాపి చల్లుతారు. ఎవరూ ఎగరరు.

అబ్బాయిని ఏమీ అనలేం. ఫాంటసీ పుస్తకం, పైగా మబ్బుల అని ఉంది. ఎవరైనా అదే గీస్తారు.

ఆ బొమ్మ చూశాక ప్రచురణకర్త దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. యాస మాటలన్నీ మార్చేయండి, అన్ని జిల్లాల పిల్లలూ చదవాలి కదా అని. ఆ మాటలో అన్యాయం లేదు. పిల్లల పుస్తకాల్లో పెట్టిన డబ్బు తిరిగి రావడమే కష్టం. చదివినవాళ్లు అర్థం కాలేదంటే ఇంకో పుస్తకం వేయరు.

కానీ ‘దూప’ని ‘దాహం’ చేసి, ‘జీవాలు’ని ‘గొర్రెలు, మేకలు’ చేసి, ‘పోరడు’ని ‘అబ్బాయి’ చేసి చూశాను. వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి. పిల్ల మాత్రం పెబ్బేరు నుంచి ఖాళీ చేసి వెళ్లిపోయింది.

ఇక్కడ చందమామ సంగతి చెప్పాలి. 1947లో మద్రాసులో మొదలైన ఆ పత్రికను 1952 నుంచి 1980లో చనిపోయేదాకా నడిపింది కొడవటిగంటి కుటుంబరావు. పాఠకులు పంపిన కథల్ని ఆయన తిరగరాసేవారు. అందుకే ఏ కథ చదివినా ఒకే గొంతు చెబుతున్నట్టు ఉంటుంది. మీ తాతయ్యలు ఇష్టపడిన ఫాంటసీ సీరియళ్లు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. ఆయన పేరు వాటి మీద పడేది కాదు. నాకు తెలుగులో వాక్యం కుదించడం నేర్పింది పాత చందమామలే. ఒక్క పొల్లు మాట దొరకదు. అయితే ఆ గొంతులో మా అవ్వ మాట ఎప్పుడూ వినబడలేదు. అప్పట్లో నాకది లోటుగా కూడా తోచలేదు. పుస్తకం అంటే వేరే ఊరివాళ్లు మాట్లాడేది అనుకునేదాన్ని.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేసిన సురవరం ప్రతాపరెడ్డి మాకు నది అవతలి గద్వాల వైపు ఆయనే. ఆయనా ఎడిటరే. నా గొడవ అంత పెద్దది కాదు, ఒక మేక, నలభై ఒక్క మాటలు.

ఆ నలభై ఒక్కటినీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. చివర్లో అర్థాల పట్టిక వేద్దాం అన్నారు. వద్దన్నాను. కథ మధ్యలో ఏ పిల్లాడు చివరి పేజీకి వెళ్తాడు? మీరెళ్లారా? దాని బదులు పక్క వాక్యంతో పని చేయించాను. ‘దూప’ ఉన్నచోట పిల్ల వెంటనే చెంబెత్తి గటగటా తాగుతుంది. ‘మబ్బుల’ ముందు ‘కోడి ఇంకా కూయలేదు’ అని చేర్చాం. తొమ్మిది మాటలు మాత్రం ఎంత తిప్పినా లొంగలేదు, వదిలేశాం. తమ్మికి వాటిలో రెండు చాలా ఇష్టం.

తర్వాత ఇద్దరికి చదివి వినిపించాను. మా పక్కింటి నాలుగో తరగతి పాప ‘మబ్బుల’ దగ్గర కిసుక్కున నవ్వి, “గిది మా అవ్వ మాట. బుక్కుల గూడ ఉంటదా?” అంది. విజయవాడలో ఉండే మా అక్క కొడుక్కి ఫోన్లో చదివాను. వాడు దూప గురించి గానీ జీవాల గురించి గానీ అడగలేదు. “పిన్నీ, అంత నిజం చెప్పే మేకను వాళ్లు ఎందుకు అమ్ముకున్నారు?” అన్నాడు. మంచి ప్రశ్న. దానికి కథలో జవాబు లేదు, రాయించాల్సి వచ్చింది. ఆ రెండు రికార్డింగులూ ప్రచురణకర్తకు పంపితే, సరే ఉంచండి అన్నారు.

డబ్బుల గురించి కూడా చెప్పాలి, ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు మెసేజ్‌లు పెడుతుంటారు కాబట్టి. పేజీకి ఇంత అని మాట్లాడుకుంటాం. సగం ముందు తీసుకోండి. మిగతా సగం పుస్తకం వచ్చాక అంటారు, తర్వాత డిసెంబర్‌లో బుక్ ఫెయిర్ అయ్యాక అంటారు. ఒకరు బుక్ ఫెయిర్ ఏ సంవత్సరమో చెప్పలేదు. మధ్యలో కరెంటు బిల్లు కట్టేది నేను చేసే అనువాదాలు, గైడు పుస్తకాల ప్రూఫులు.

పుస్తకం 64 పేజీల్లో ఇమడాలి. ప్రెస్సులో 16 పేజీలు ఒక ఫారం, ఒక్క పేజీ పెరిగినా ఇంకో ఫారం ఖర్చు. మేకను ఎందుకు అమ్మారో చెప్పే పేరా చేరాక 65 అయింది. ఆదివారమంతా ఎక్కడ రెండేసి వాక్యాలు తీయొచ్చో వెతికి లోపలికి నెట్టాను. విశాఖ అబ్బాయి కొత్త బొమ్మ పంపాడు, చీకట్లో పిల్ల, చేతిలో లాంతరు, దూరంగా సంత దీపాలు.

ఇంక మిగిలింది ఒక్క పంచాయితీ. చివరి అధ్యాయంలో మేక ఒక తిట్టు తిడుతుంది. పిల్లల పుస్తకంలో వద్దంటున్నారు ప్రచురణకర్త. అబద్ధమాడని మేక ఆ దళారిని ఇంకేమంటదక్కా అంటున్నాడు తమ్మి. రేపు పొద్దున పదకొండుకు ముగ్గురం ఫోన్లో మాట్లాడుకోవాలి.